మలుపునకు సాక్షి

మహబూబాబాదు జిల్లాలోని గంగారము అడవి సీమకు చెందిన మండలము. 2016వ సంవత్సరమున క్రొత్త జిల్లాలు ఏర్పడుటకు పూర్వము ఈ ప్రాంతము వరంగల్లు జిల్లాలో నుండెను. కొత్తగూడ, గంగారము గ్రామములకు పోవు త్రోవలు టేకు, మద్ది, ఇప్ప, తునికి చెట్ల నడుమనుండి సాగును. అడవి త్రోవకు మలుపులు సహజము. వానకాలమున ఆ మలుపుల యొద్ద మట్టి కొట్టుకొనివచ్చి తారుపై పఱచుకొనును. పొద్దుగ్రుంకు వేళ మందలు ఇండ్లకు మరలుచుండును. మలుపు తిరిగినంతనే త్రోవకు అడ్డముగా ఒక గేదె నిలిచియుండుట అచ్చట వింత కాదు.

అట్టి సమయమున కారు నడుపువాడు ఆలోచించుటకు వ్యవధి యుండదు. అతడు స్టీరింగును ఒక్క పెట్టున కుడివైపునకు త్రిప్పును. గేదె తప్పును. వెంటనే కారు త్రోవ దిగిపోకుండుటకై దానిని ఎడమవైపునకు త్రిప్పును. ఈ రెండు పనులును రెండు మూడు సెకనులలో ముగియును. ఆపద పొంచియుండునది ఇచ్చటనే. స్టీరింగు తిరిగినంత మాత్రమున కారు తిరుగునను నియమము లేదు. తడినేలపై టైరులకు పట్టు చాలనిచో, ముందు చక్రములు ప్రక్కకు తిరిగియున్నను కారు తిన్నగనే జారిపోవచ్చును. లేదా దాని వెనుకభాగము విసురుగా ప్రక్కకు కొట్టుకొని, బండి యంతయు బొంగరమువలె తిరిగిపోవచ్చును.

కేంద్రప్రభుత్వ రవాణాశాఖ ప్రకటించిన లెక్కలనుబట్టి, 2022వ సంవత్సరమున మన దేశపు రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది ప్రాణములు కోల్పోయిరి. ఇన్ని మరణములకు కారణములు అనేకములు. వేగము, నిర్లక్ష్యము, మద్యపానము, రాత్రివేళ నిద్రలేమి వానిలో కొన్ని. మలుపులలో బండి అదుపు తప్పుటయు వానిలో నొకటి. ఈ యొక్క కారణమును తగ్గించుటకు ఇంజనీర్లు ఒక యుపాయమును కనిపెట్టిరి. ఆ యుపాయమునకు మూలమైన చిన్న పరికరము స్టీరింగు క్రింద, కంటికి కనబడకుండ నున్నది.

ఎడ్లబండి తోలువాని మనస్సు ఎడ్లకు పగ్గము ద్వారా తెలియును. పగ్గము కుడికి బిగిసినచో కుడికి తిరుగవలెనని అవి గ్రహించును. త్రోవ బురదయై కాలు జారినను, యజమాని ఎటు పోగోరుచున్నాడో వానికి తెలిసియుండుటచే, తమంత తాము నిలద్రొక్కుకొని బండిని ఆ వైపునకే లాగును. కారునకు అట్టి తెలివి లేదు. చక్రములు జారుచున్నవో లేదో యంత్రము కొలువగలదు. బండి ఎంత విసురుగా తిరుగుచున్నదో కొలువగలదు. కాని ఆ తిరుగుట నడుపువాని యిష్టముచే జరుగుచున్నదా, యిష్టమునకు విరుద్ధముగా జరుగుచున్నదా యని తెలియనిదే అది సాయము చేయజాలదు. కోరిక తెలియనిచో తప్పు తెలియదు. కావున నడుపువాని కోరికను యంత్రమునకు ఎఱిగించు దూత యొకడు కావలెను. స్టీరింగు ఎటువైపునకు, ఎన్ని డిగ్రీలు తిరిగినదో కొలిచి చెప్పు పరికరమే ఆ దూత. దీనిని స్టీరింగు కోణపు సెన్సారు అందురు. సెన్సారు అనగా గ్రహించునది. కనుక తెలుగున దీనిని కోణగ్రాహకము అనవచ్చును.

స్టీరింగు చక్రము ఒక కడ్డీకి బిగింపబడియుండును. ఆ కడ్డీ క్రిందికి దిగి, పండ్ల చక్రముల మూలమున ముందు టైరులను త్రిప్పును. చాల కార్లలో స్టీరింగు సుమారు 15 డిగ్రీలు తిరిగిన, టైరు 1 డిగ్రీ తిరుగును. ఇందువలననే బరువైన బండిని మనుష్యుడు సులభముగా త్రిప్పగలుగుచున్నాడు. ఇందువలననే ఒక చివరనుండి మఱియొక చివరకు స్టీరింగును సుమారు మూడు చుట్లు త్రిప్పవలసి వచ్చుచున్నది. కోణగ్రాహకము ఈ కడ్డీ చుట్టును కంకణమువలె అమర్చబడియుండును. సాధారణముగా దాని స్థానము స్టీరింగు చక్రమునకు కొంచెము దిగువన.

వృత్తమునకు 360 డిగ్రీలు. ఒక్క చుట్టులోపల తిరిగినదానిని కొలుచుట కష్టము కాదు. మొదటి రోజులలో ఇందులకు వెలుతురును వినియోగించిరి. అంచున సన్నని చీలికలు గల ఒక బిళ్ళను కడ్డీకి తగిలింతురు. బిళ్ళకు ఒక ప్రక్క చిన్న దీపము, ఎదుటి ప్రక్క వెలుతురును గ్రహించు ముక్క యుండును. బిళ్ళ తిరుగునపుడు చీలిక ఎదుటికి వచ్చినచో వెలుతురు దాటును. చీలిక తొలగినచో ఆగిపోవును. ఎన్నిసార్లు వెలుతురు మెఱసినదో లెక్కించిన, ఎంత తిరిగినదో తెలియును. రెండు దీపములను ఒకదానికొకటి కొంచెము ఎడముగా నుంచిన, ఏది ముందు మెఱసినదో చూచి, తిరిగినది కుడికో యెడమకో నిర్ణయింపవచ్చును.

ఈ లెక్కలో ఒక లోపము కలదు. కారు ఆపి తాళము తీసిన తరువాత విద్యుత్తు ఉండదు. అప్పుడు ఎవరైన స్టీరింగును త్రిప్పినచో లెక్కించువాడు ఉండడు. ఊరిలో లేని కావలివాడు తిరిగివచ్చి, తాను లేనప్పుడు ఎందఱు ఊరు దాటిరో చెప్పజాలడు కదా! స్టీరింగు తిన్నగా నున్నట్లు కనబడుచున్నను, అది నడిమి స్థానమున నున్నదా, ఒక పూర్తి చుట్టు తిరిగి అట్లే నిలిచినదా యని యీ లెక్కచే తెలియదు. కావున గడచిన చరిత్రతో పనిలేక, చూచిన క్షణముననే స్థానమును చెప్పగల ఉపాయము కావలసివచ్చెను.

ఆ యుపాయమును తెలుగువారు పంచాంగమున నిత్యము చూచుచునే యున్నారు. సోమవారము ఏడు దినముల కొకసారి వచ్చును. అమావాస్య నెల కొకసారి వచ్చును. విడివిడిగా చూచిన రెండును సామాన్యములే. కాని సోమవారమునాడే అమావాస్య పడుట అరుదు. అందుచేతనే సోమవతి యమావాస్యకు ప్రత్యేకత. అసమానములైన రెండు చుట్లు కలసి నడచునపుడు, ఒక కలయిక మరల సంభవించుటకు చాల కాలము పట్టును. వారము మాత్రమే చెప్పినచో అది ఏ వారమో తెలియదు. వారమును తిథియు కలిపి చెప్పినచో దినమును గుర్తించుట సులభము.

కోణగ్రాహకములోని ఏర్పాటు సరిగా ఇట్టిదే. స్టీరింగు కడ్డీతోపాటు తిరుగు పెద్ద పండ్ల చక్రము ఒకటి యుండును. దానిని ఒరసికొని రెండు చిన్న పండ్ల చక్రములు తిరుగును. ఆ రెంటి పండ్ల సంఖ్యలు సమానములు కావు. సాధారణముగా ఒకదానికంటె రెండవదానికి ఒక పన్ను ఎక్కువ. బోధపడుటకై ఒక లెక్క చూడవచ్చును. పెద్ద చక్రమునకు 40 పండ్లు, చిన్నవానిలో ఒకదానికి 13, రెండవదానికి 14 పండ్లు ఉన్నవనుకొందము. స్టీరింగు ఒక చివరనుండి బయలుదేరునపుడు రెండు చిన్న చక్రములును సున్న స్థానమున నున్నవి. స్టీరింగు ఒక పూర్తి చుట్టు తిరుగగా 40 పండ్లు దాటును. 13 పండ్ల చక్రము మూడు చుట్లు తిరిగి, 1వ పన్ను వద్ద నిలుచును. 14 పండ్ల చక్రము రెండు చుట్లు తిరిగి, 12వ పన్ను వద్ద నిలుచును. రెండవ చుట్టు ముగియునప్పటికి అవి 2, 10 పండ్ల వద్ద నుండును. మూడవ చుట్టు ముగియునప్పటికి 3, 8 పండ్ల వద్ద నుండును. స్టీరింగు చక్రము మూడుమారులును చూచుటకు ఒకే తీరున నున్నను, లోపలి చిన్న చక్రముల జంట మాత్రము మూడుమారులును వేఱువేఱుగా నున్నది.

ఈ జంట మరల సున్న, సున్నకు ఎప్పుడు వచ్చును? 13ను 14ను గుణింపగా 182. అనగా 182 పండ్లు దాటిన పిదపనే మొదటి జంట మరల వచ్చును. పెద్ద చక్రమునకు 40 పండ్లే కనుక అది నాలుగున్నర చుట్ల పైమాట. స్టీరింగు అంత దూరము తిరుగనే తిరుగదు. కనుక ఏ రెండు స్థానములకును ఒకే జంట యుండదు. బడిలో కనిష్ఠ సామాన్య గుణిజము అను పేరుతో నేర్చు చిన్న లెక్కయే ఇచ్చట మనుష్యుల ప్రాణములకు కావలి కాయుచున్నది. 1631వ సంవత్సరమున ఫ్రాన్సు దేశీయుడగు పియెర్ వెర్నియర్ ప్రకటించిన కొలతబద్దయును ఇట్టి సూత్రముపైననే ఆధారపడినది. అచ్చటను కొంచెము భేదము గల రెండు వరుసల గీతలను ప్రక్కప్రక్కన నుంచి, కంటికి అందని సూక్ష్మమును కొలుతురు.

ఇక చిన్న చక్రములు ఎచ్చట నిలిచినవో చూచువా రెవరు? ప్రతి చిన్న చక్రము నడుమ ఒక అయస్కాంతపు ముక్కను పొదుగుదురు. దాని కెదురుగా అయస్కాంతశక్తిని గ్రహించు బిళ్ళ యుండును. ఆ బిళ్ళ పనిచేయు విధమును తెలిసికొనుటకు 1879వ సంవత్సరమునకు పోవలెను. అమెరికాలోని బాల్టిమోరు నగరమున జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున ఎడ్విన్ హాల్ అను యువకుడు పరిశోధన చేయుచుండెను. అతడు మిక్కిలి పలుచని బంగారు రేకులో విద్యుత్తును ప్రవహింపజేసి, దానిని బలమైన అయస్కాంతపు ధ్రువముల నడుమ నుంచెను. అంతట రేకు రెండు అంచుల నడుమ స్వల్పమైన విద్యుత్ పీడనము కనబడెను. కాలువలో పారు నీటిపై ప్రక్కగాలి బలముగా వీచినచో నీరు ఒక గట్టువైపునకు ఒరిగి పొంగినట్లు, అయస్కాంతము విద్యుత్ప్రవాహమును ఒక అంచువైపునకు నెట్టుచున్నదని అతడు గ్రహించెను. ఎలక్ట్రాను అను కణమును జె. జె. థామ్సను కనుగొనినది 1897లో. దానికి 18 సంవత్సరములకు ముందే హాల్ ఈ సంగతిని కనిపెట్టుట గమనింపదగినది. కారులోని స్టీరింగునకు ఇది పనికివచ్చునని అతడు ఊహించియుండడు. కార్లే అప్పటికి లేవు.

అయస్కాంతము తిరిగినకొలది బిళ్ళపై దాని ప్రభావము మాఱును. దానితోపాటు అంచుల నడుమ నున్న విద్యుత్ పీడనమును మాఱును. లంబదిశలలో అమర్చిన రెండు బిళ్ళలు ఉన్నచో, వాని రెండు కొలతలను పోల్చి అయస్కాంతము ఏ దిక్కునకు తిరిగియున్నదో సరిగా చెప్పవచ్చును. ఈ పద్ధతిలో ఒక వస్తువు మఱియొకదానిని తాకదు. తాకనిచోట అరుగుదల లేదు. దుమ్ము, నూనె పడినను వెలుతురునకు వలె అడ్డు రాదు. మఱికొన్ని గ్రాహకములలో హాల్ కనుగొనినదానికి బదులు, అయస్కాంతముచే లోహపు విద్యున్నిరోధము మాఱు గుణమును వినియోగింతురు. ఆ గుణమును 1857లో విలియం థామ్సను వెల్లడించెను. లార్డ్ కెల్విన్ అను బిరుదనామముతో ప్రసిద్ధి కెక్కిన శాస్త్రజ్ఞుడు ఆయనయే.

ఇట్లు లభించిన కోణమును గ్రాహకము ఊరకే దాచుకొనదు. సాధారణముగా సెకనునకు నూరు సారులు ఆ సంఖ్యను కారులోని చిన్న కంప్యూటరునకు పంపుచుండును. ఆ కంప్యూటరు వద్దకు మఱి కొందఱు సాక్షులును వత్తురు. నాలుగు టైరుల వేగమును నాలుగు గ్రాహకములు చెప్పును. బండి తన నిలువు ఇరుసుపై ఎంత విసురుగా తిరుగుచున్నదో ఒకటి చెప్పును. ప్రక్కకు ఎంత త్రోపుడు కలుగుచున్నదో వేఱొకటి చెప్పును. స్టీరింగు కోణమును వేగమును చూచి, బండి ఎంత తిరుగవలెనో కంప్యూటరు లెక్క కట్టును. ఎంత తిరుగుచున్నదో తక్కినవారు చెప్పుదురు. కోరిన తిరుగుడును కలిగిన తిరుగుడును సమానములైనచో కంప్యూటరు జోక్యము కలిగించుకొనదు. అవి వేఱైనచో అది తత్‌క్షణమే పనికి దిగును.

దాని సాయము బ్రేకుల మూలమున జరుగును. జోడెడ్ల బండిని కుడికి త్రిప్పగోరువాడు కుడి యెద్దును నిలిపి, ఎడమ యెద్దును అదలించును. కంప్యూటరు చేయునదియు అదియే. కుడి మలుపులో బండి తగినంత తిరుగక వెలుపలికి జారుచున్నచో, కుడివైపు వెనుక చక్రమునకు మాత్రము బ్రేకు వేయును. బండి కుడికి ఒరిగివచ్చును. అదే మలుపులో బండి అతిగా తిరిగి, వెనుకభాగము వెలుపలికి కొట్టుకొనుచున్నచో, ఎడమవైపు ముందు చక్రమునకు బ్రేకు వేసి ఆ తిరుగుడును అరికట్టును. అవసరమైనచో ఇంజను బలమును తగ్గించును. నడుపువాని కాలు ఎంత నేర్పు గలదైనను, నాలుగు చక్రములలో ఒకదానికి మాత్రము బ్రేకు వేయజాలదు.

ఈ ఏర్పాటును జర్మనీ దేశమున బాష్, మెర్సిడెస్ బెంజ్ సంస్థలు కలసి రూపొందించి, 1995లో ఎస్ క్లాసు అను వెలగల కార్లలో ప్రవేశపెట్టినవి. అది ధనవంతుల సొత్తుగా కొంతకాలము నిలిచియుండెడిదేమో. కాని 1997 అక్టోబరులో స్వీడను దేశమున ఒక సంఘటన జరిగెను. ఆ దేశపు అడవులలో ఎల్కు అను పెద్ద దుప్పులు త్రోవల కడ్డము వచ్చుచుండును. వానిని తప్పించుటకు స్టీరింగును ఒకవైపునకును, వెంటనే మఱియొకవైపునకును త్రిప్పి చూచు పరీక్ష అచ్చట వాడుకలో నున్నది. అచ్చటి మోటారు పత్రికవారు మెర్సిడెస్ వారి ఎ క్లాసు అను క్రొత్త చిన్న కారును అట్లు పరీక్షింపగా అది బోల్తాపడెను. వార్త లోకమంతట ప్రాకెను. సంస్థవారు సుమారు మూడు మాసములు ఆ కార్ల సరఫరాను నిలిపి, బండి నిర్మాణమును సవరించి, ప్రతి ఎ క్లాసు కారునకును ఈ ఏర్పాటును అమర్చిరి. చిన్న కార్లకును ఇది అవసరమేయని లోకము గ్రహించుటకు ఆ బోల్తాయే కారణమాయెను. స్వీడను అడవిలోని దుప్పియు, గంగారము త్రోవలోని గేదెయు నడుపువానికి పెట్టు పరీక్ష ఒక్కటియే.

పిదప చట్టములు వచ్చినవి. అమెరికాలో 2012 సంవత్సరపు తయారీ మొదలుకొని ప్రతి క్రొత్త కారునకును, ఐరోపా సమాజ దేశములలో 2014 నవంబరునుండి అమ్మబడు ప్రతి క్రొత్త కారునకును ఈ ఏర్పాటు ఉండవలెనని శాసించిరి. మన దేశమున 2023 అక్టోబరు 1వ తేదీనుండి భారత్ ఎన్‌క్యాప్ అను భద్రతా పరీక్షా విధానము అమలునకు వచ్చెను. అందు 3 నక్షత్రములుగాని అంతకు మించిగాని పొందగోరు కారునకు ఈ ఏర్పాటు ఉండితీరవలెను.

సాక్షి ఎంత సమర్థుడైనను సత్యము చెప్పినప్పుడే ఉపయోగపడును. కోణగ్రాహకమునకు సత్యమనగా సున్న స్థానము. బండి తిన్నగా పోవునపుడు స్టీరింగు ఏ స్థానమున నుండునో దానిని గ్రాహకమునకు సున్నయని నేర్పవలెను. చక్రముల వరుస సరిచేయించినప్పుడు, అనగా అలైన్‌మెంటు చేయించినప్పుడు, లేదా స్టీరింగు భాగములను విప్పి బిగించినప్పుడు ఆ సున్న తొలగిపోవచ్చును. పది డిగ్రీలు తొలగినదనుకొందము. అప్పుడు కారు తిన్నగా పోవుచున్నను, నడుపువాడు మలుపు కోరుచున్నాడని కంప్యూటరు భ్రమపడును. అక్కఱలేని చోట బ్రేకు వేయవచ్చును. కొలత లేకుండుటకంటె తప్పుకొలత అపాయకరము. ఇందులకై ఇంజనీర్లు ముందుచూపుతో మఱియొక కట్టుబాటు చేసిరి. నాలుగు చక్రముల వేగములును సమానముగా నుండి, బండి ఏ మాత్రము తిరుగకున్నచో స్టీరింగు నడుమ నున్నదని అర్థము. గ్రాహకము వేఱుగా చెప్పుచున్నచో దాని మాట నమ్మదగినది కాదు. అట్టి సమయమున కంప్యూటరు ఆ సాయమును నిలిపివేసి, నడుపువాని యెదుట నున్న పలకపై పసుపుపచ్చని దీపమును వెలిగించును. జారుచున్న కారు బొమ్మ ఆ దీపమునకు గుర్తు. అది మిణుకుమిణుకుమని ఆరిపోయినచో యంత్రము అప్పుడే సాయము చేసినదని అర్థము. విడువక వెలుగుచున్నచో సాయము అందదని అర్థము. ఆ దీపమును నిర్లక్ష్యము చేయక, బండిని పనివాని వద్దకు కొనిపోయి సున్నను తిరిగి నేర్పించుట యజమాని ధర్మము.

తెలుగునాట ఈ విద్య మఱియొక మెట్టు ఎక్కుచున్నది. సంగారెడ్డి జిల్లా కంది యందలి హైదరాబాదు ఐ.ఐ.టి. ఆవరణమున, మనుష్యుడు నడుపని వాహనములను పరీక్షించుటకై టిహాన్ అను కేంద్రము కలదు. అచ్చటి పరీక్షాక్షేత్రము 2022 జూలైలో ప్రారంభింపబడెను. నడుపువాడు లేని బండిలో స్టీరింగును మోటారు త్రిప్పును. అట్టి బండిలో కోణగ్రాహకపు పని తలక్రిందులగును. అది మనుష్యుని కోరికను యంత్రమునకు చెప్పదు. యంత్రము ఇచ్చిన ఆజ్ఞ నెరవేరినదో లేదో ఆ యంత్రమునకే చెప్పును. పది డిగ్రీలు త్రిప్పుమనగా తొమ్మిదే తిరిగినచో, మిగిలిన యొక్క డిగ్రీని పూర్తి చేయుమని హెచ్చరించును. మనిషి ఉన్నను లేకున్నను సాక్షి అవసరము మాత్రము తీరలేదు.

ఇంతటి యంత్రమునకును ఒక హద్దు కలదు. అది టైరునకును నేలకును నడుమ నున్న పట్టును పంచిపెట్టగలదు గాని, లేని పట్టును సృష్టింపజాలదు. వేగము రెట్టింపైనచో, ఒకే మలుపున బండిని వెలుపలికి త్రోయు బలము నాలుగు రెట్లగును. ఆ లెక్కను ఏ కంప్యూటరును మార్చజాలదు. అరిగిన టైరులతో, మితిమీరిన వేగముతో మలుపులోనికి దూసుకొనిపోవువానికి కోణగ్రాహకము అతని కోరికను సరిగా చెప్పగలదు. ఆ కోరికను తీర్చుటకు మాత్రము నేల ఒప్పుకొనదు. కావున మలుపునకు ముందే వేగమును తగ్గించుట నడుపువాని పని. తరువాత జారినచో ఆదుకొనుట యంత్రపు పని. మొదటి పనిని మనుష్యుడు చేసినప్పుడే రెండవది ప్రాణమును నిలుపును.